పాట నిలిచి మాట పోరాదు

ఉక్రెయిన్ దేశపు ఆర్థొడాక్సు చర్చీలలో ఆరాధన వేళ హార్మోనియమూ మోగదు, మద్దెలా మోగదు. దేవుని స్తుతికి మనిషి గొంతే తగినదని వారి సంప్రదాయం. సన్నని గొంతులవారు ఒక వరుస, బరువైన గొంతులవారు మరొక వరుస. ఇలా సాధారణంగా నాలుగు వరుసలు వేర్వేరు స్వరాలు పట్టి ఒక్కసారే పాడుతారు. బోర్త్‌న్యాన్‌స్కీ (1751–1825) వంటివారి రచనలతో యీ గానానికి పేరు వచ్చింది.

మన తెలుగు చర్చీలది వేరే దారి. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) మొదలైనవారి కీర్తనలకు పల్లవి, చరణాలు వుంటాయి. రాగతాళాలు పాట పైనే వేసి వుంటాయి. అందరూ ఒకే వరుసలో పాడుతారు. రామదాసు కీర్తనల భజనగోష్ఠి తీరూ అంతే: ఒకరు యెత్తుకుంటే తక్కినవారు అందుకుంటారు. పద్ధతులు వేరైనా ఫలం ఒక్కటే. అక్షరం రానివారి నోటకూడా మాట నిలుస్తుంది.

అయితే పాటకు ఒక గండం వున్నది. ఉక్రెయిన్‌లో మతాచార్యుని కుమారుడైన లెయొంతోవిచ్ అనే ఆయన 'శ్చెద్రిక్' అనే జానపద గీతాన్ని బృందగానంగా కూర్చారు. 1916లో కీవ్ నగరంలో దానిని పాడారు. వానకోవిల యింటికి వచ్చి, గొర్రెలు యీనినవని యజమానికి శుభం చెప్పే కొత్త సంవత్సరపు పాట అది. 1936లో అమెరికాలో ఆ వరుసకు గంటలను గురించి ఇంగ్లీషు మాటలు కట్టారు. నేడు క్రిస్మసుకు ఆ వరుస దేశదేశాల వినిపిస్తుంది. వానకోవిల సంగతి యెందరికి తెలుసు?

ధర్మపురిలో మన యిళ్ల సంగతి చూడండి. పిల్లలు బడిలో తమిళం చదువుతారు; చదవవలసినదే. కాని తెలుగు పాటనుకూడా తమిళ లిపిలోనే రాసుకుంటారు. ఆ లిపిలో క, గ లకు ఒకటే అక్షరం. 'గానం' అన్నా 'కానం' అన్నా రాత ఒక్కటే. తెలిసిన పెద్దలు పక్కన వున్నంతకాలం ఫరవాలేదు. తరువాత పిల్లవాడు దేనిని పాడాలి?

కనుక మేము కోరేది చిన్న పని. చర్చి అయినా, భజన మందిరమైనా, పాట యెత్తుకునే ముందు ఒక పెద్దవారు పల్లవిని మాటగా చదివి అర్థం చెప్పాలి. ఆ పల్లవిని పిల్లలచేత తెలుగు అక్షరాలతో రాయించాలి. వారానికి ఒకటి చొప్పున రాయించినా యేడాది తిరిగేసరికి యాభై పల్లవులవుతాయి. దీనికి పలకా బలపం చాలు, చందా అక్కరలేదు.