జనరేటర్ పొగ గొట్టం ఎంత ఎత్తుండాలి? పక్కన పెద్ద భవనం వస్తే ఎలా?

కరెంటు పోగానే అపార్ట్‌మెంట్‌లో జనరేటర్ మొదలవుతుంది. వెంటనే పక్క భవనంలో కిటికీలు మూతపడతాయి. గొట్టం ఎత్తు పెంచమని పక్కవాళ్లు అడుగుతారు. నిబంధన ప్రకారమే పెట్టించామని అసోసియేషన్ అంటుంది. చాలాసార్లు ఇద్దరి మాటా నిజమే. చిక్కు నిబంధనలోనే ఉంది.

నిబంధన ఏం చెబుతోంది?

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన లెక్క ఇది: జనరేటర్ ఎన్ని కేవీఏలో చూసి, దాని వర్గమూలాన్ని 0.2తో గుణించాలి. వచ్చినన్ని మీటర్లను భవనం ఎత్తుకు కలపాలి. 15 మీటర్ల భవనంలో 100 కేవీఏ జనరేటర్ ఉంటే గొట్టం కనీసం 17 మీటర్లు ఉండాలి. 400 కేవీఏ అయితే 19 మీటర్లు. సెల్లార్ పక్కనే పొగ వదిలేస్తే అది ఉల్లంఘనే.

లోపం ఎక్కడ?

ఈ లెక్కలో భవనం అంటే జనరేటర్ ఉన్న భవనమే. పక్కన తర్వాత కట్టిన 30 మీటర్ల భవనం లెక్కలోకి రాదు. దాంతో 17 మీటర్ల గొట్టం నిబంధన దాటకుండానే ఆ భవనం ఐదారు అంతస్తుల కిటికీల ఎదుట పొగ వదులుతుంది.

ఇంకో పైపు అతికిస్తే సరిపోతుందా?

సరిపోదు. పొడవు, వంపులు పెరిగితే పొగ బయటకు పోవడం కష్టమై ఇంజిన్‌పై ఎదురు ఒత్తిడి పెరుగుతుంది. డీజిల్ ఎక్కువ ఖర్చవుతుంది, పొగ మరింత నల్లబడుతుంది. తయారీ కంపెనీ చెప్పిన ఒత్తిడి పరిమితి దాటేలా ఉంటే మొత్తం గొట్టాన్ని వెడల్పు పైపుతో మార్చాలి. బరువు ఇంజిన్ మీద పడకుండా గోడకు బిగించాలి. పైన వాన పడకుండా పెట్టే టోపీ పొగను కిందికి మళ్లించేలా ఉండకూడదు.

అన్నీ సరిగ్గా చేసినా పొగ తగ్గదు. పైకి పోయి పలచబడుతుంది, అంతే.

మీరేం చేయొచ్చు?

ముందు గొట్టం కొలిపించండి. ఎత్తు తక్కువుంటే ఫొటోలతో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయంలో ఫిర్యాదు చేయండి. ఎత్తు సరిపోయినా పొగ వస్తుంటే రెండు అసోసియేషన్లూ కూర్చుని ఖర్చు పంచుకోవడం మేలు. జనరేటర్ పాతదైతే మార్చడమే అసలు పరిష్కారం. 2023 జులై 1 నుంచి తయారయ్యే జనరేటర్లకు పొగ ప్రమాణాలు బాగా కఠినమయ్యాయి.

పక్క భవనం ఎత్తును కూడా నిబంధనలో చేర్చేదాకా ఈ భారం ఇరుగుపొరుగు సర్దుబాటు మీదే ఉంటుంది.