చుక్క తెచ్చిన చిక్కు



మన వైపు ఇంటిపేరు ముందు, పేరు తరువాత. ఇంగ్లీషులో వ్రాసేటప్పుడు ఇంటిపేరును పొడి అక్షరంగా కుదించి పక్కన చుక్క పెట్టడం ఆచారం. 1923లో బందరులో ఆంధ్రా బ్యాంకును స్థాపించిన భోగరాజువారు తమ ఆంగ్ల గ్రంథాలపై 'బి. పట్టాభి సీతారామయ్య'. 1983లో గుడివాడ నుండి శాసనసభకు ఎన్నికైన నందమూరివారు లోకానికి 'ఎన్. టి. రామారావు'. దివిసీమ నాయకులు మండలి వెంకట కృష్ణారావుగారి ఇంటిపేరు మాత్రం నిండుగానే వాడుకలో నిలిచింది. ఈ మూడు పేర్లనూ ఇంగ్లీషు అక్షరాలలో, కమాండ్ లైను నుండి ఈ-మెయిలు పంపే పనిముట్టుకు ఇచ్చి చూడండి. మూడవది నిరాటంకం, మొదటి రెండూ సంశయాస్పదం.

కారణం 1982 నాటి ఆర్.ఎఫ్.సి. 822 అనే ప్రమాణపత్రం. ఈ-మెయిలు చిరునామాకు అదే వ్యాకరణం. అందులో చుక్క, కామా, కుండలీకరణాలు మామూలు అక్షరాలు కావు, ప్రత్యేక సంజ్ఞలు. కామా ఒక గ్రహీతను మరొకరి నుండి వేరుచేస్తుంది; కుండలీకరణాల నడుమ ఉన్నది వ్యాఖ్య మాత్రమే. పేరులో ఇవి ఉంటే ఆ పేరును జంట కొటేషన్ గుర్తులలో ఉంచాలి. 2001లో వచ్చిన సవరణ, చుక్క గల పేరు వస్తే స్వీకరించమంది గాని, అలా పంపవద్దనే అన్నది. అందుకే కొన్ని పనిముట్లు ఓర్చుకుంటాయి, కొన్ని తిరస్కరిస్తాయి.

కామా ఇంకా ప్రమాదకరం. విదేశీ పద్ధతిలో 'నందమూరి, తారక రామారావు' అని కొటేషన్లు లేకుండా వ్రాస్తే యంత్రం దానిని ద్వంద్వ సమాసంగా విగ్రహిస్తుంది: నందమూరియును, తారక రామారావును! నందమూరి అనే వాడుకరి తన యంత్రంలోనే ఉన్నాడేమోనని వెదుకుతుంది. లేకుంటే ఉత్తరం తిరుగుటపాలో వస్తుంది. ఉంటే పరాయివాని చేత పడుతుంది.

కొటేషన్లు పెట్టినంత మాత్రాన పని పూర్తి కాదు. మన ఆజ్ఞను ముందుగా చదివేది మెయిలు పనిముట్టు కాదు, షెల్. అది కొటేషన్లను తన కోసమే అనుకొని ఊడదీసి, లోపలి సరుకును అందిస్తుంది. కనుక రెండు పొరలు కావాలి:

'"ఎన్. టి. రామారావు" <చిరునామా>'

బయటి పొర షెల్‌కు నైవేద్యం. లోపలి పొర పేరుకు కవచం.

"చుక్క తీసేస్తే పోలేదా?" అనేవారున్నారు. నిజమే, ఉత్తరం చేరుతుంది. కాని హాజరుపట్టీలో ఇద్దరు వెంకటేశ్వరరావులుంటే వారిని వేరుచేసేది ఆ పొడి అక్షరమే. నేడు చుక్కను వదలుకొన్నవారు రేపు అక్షరాన్నీ వదలుకొంటారు. సర్టిఫికెట్టులో ఒక రూపం, ఉత్తరాలలో మరొక రూపం ఉంటే సంజాయిషీ చెప్పుకోవలసినవాడు ఆ పేరు గల మనిషే, యంత్రం కాదు.

ఒక చమత్కారం గమనించండి. పేరును తెలుగు లిపిలో వ్రాస్తే, 1996 నాటి ఆర్.ఎఫ్.సి. 2047 ప్రకారం అది సంకేతరూపం ధరించి ప్రయాణిస్తుంది. పనిముట్టు ఆ మార్పు సక్రమంగా చేసిననాడు చుక్కా కామా సైతం ఆ ముసుగులో ఒదిగిపోతాయి. అమ్మభాషలో మన చుక్క భద్రం!

నా అభిప్రాయం ఒక్కటే. పేరును దిద్దే అధికారం పనిముట్టుకు లేదు. ప్రోగ్రాములు వ్రాసే మన పిల్లలు పేరును వేరుగా, చిరునామాను వేరుగా అడిగి తీసుకొని, కొటేషన్లను తామే చేర్చాలి. వ్యాకరణం భాషకు సేవ చేయాలి, పేర్లను కత్తిరించకూడదు.