మాటు వేసితిమా, మరుగుపరచితిమా?



ఒకప్పుడు నా వద్ద తెలుగు చదువుకొని, ఇప్పుడు అమెరికాలో ఉన్న శిష్యుడొకడు మొన్న ఒక ఛాయాచిత్రం పంపినాడు. కారు వెనుక తగిలించి లాగుకొనిపోయే పాత ఎయిర్‌స్ట్రీమ్ ఇల్లుబండి అది. 1936లో వచ్చిన క్లిప్పర్ మొదలుకొని ఆ బండ్లకు ఒళ్ళంతా అల్యూమినియం రేకే. విమానానికి వలె వరుసలు వరుసలుగా రివిట్లు. ఆ గోడకు నాలుగైదు బెజ్జాలు. వాటిపై బూడిదరంగు ముద్ద మెత్తి, "మాస్టారూ, మరమ్మతు పూర్తయింది" అని వ్రాసినాడు. కాలేదు నాయనా అన్నాను. తెలుగు పంతులుకు రేకుపని యేమి తెలుసునని అతని మిత్రులు నవ్వినారట. అందుకే ఈ టపా.

నాకు తెలిసినది వేటపాలెం వీధిలో, మాట్లు వేసేవాని ముందు గొంతుక కూర్చుని తెలుసుకొన్నది. మా అమ్మ సిల్వరు బిందెకు (వెండికి దానికి యే చుట్టరికమూ లేదు, అయినా మన ఆడవారు పెట్టిన పేరది) అడుగున సూదిమొనంత చిల్లు పడినది. అతడు చుట్టూ పేరుకొన్న తెల్లని పొడిని గీకి, చిల్లును పూడ్చుటకు బదులు ఇంకా పెద్దది చేసినాడు! నేను గగ్గోలు పెట్టినాను. "పుచ్చు పోయేదాకా తియ్యాలి బాబూ, పుచ్చు మీద మాటు నిలవదు" అన్నాడు. మెరిసే లోహం కనబడిన పిమ్మట అల్యూమినియం రివిటు దూర్చి, అడుగున దిమ్మె ఆనించి, సుత్తితో అణచినాడు. నీళ్ళు నింపి, చుక్క కారదని తేలిన తరువాతనే డబ్బులు పుచ్చుకొన్నాడు.

అల్యూమినియానికి గాలి తగిలిన క్షణమే ఆక్సైడు పొర యేర్పడును. లోహం 660 డిగ్రీలకే కరగును. ఆ పొర 2,000 డిగ్రీలు దాటినను గాని కరగదు. కనుకనే ఇత్తడికి పట్టిన మాటు దీనికి మామూలుగా పట్టదు. ఆ పొర దీనికి కవచం. ఉప్పు ఆ కవచాన్ని అక్కడక్కడ ఛేదించి బెజ్జాలు చేయును. పోనీ అని రాగి రివిటు వేసితిరా, తడి తగిలినచో రాగి చెక్కుచెదరదు, చుట్టూ ఉన్న అల్యూమినియమే క్షయించును.

మన భాషలో మాటు అనగా అతుకు. మాటు అనగా మరుగు కూడ. నేటివారు రెండవ అర్థమొక్కటే పట్టుకొన్నారని నా ఫిర్యాదు. మా వీధిలోనే ఒకరు దుకాణంవాని మాట విని అన్నపుగిన్నె చిల్లుకు ముద్ద అంటించినారు. నెల తిరగకుండా అది ఊడి అన్నంలో వచ్చినది! అది పొయ్యి మీది గిన్నెకు వేయదగిన పదార్థమేనా?

ముద్దలన్నిటినీ నిందించుట లేదు. బండి గోడకు వెనుకనుండి చేయి అందదు గనుక పాప్ రివిట్లు వాడక తప్పదు. శుభ్రం చేసిన రేకుపై, అతుకు కింద సీలెంటు ఉండి తీరవలెను. పుచ్చు తీయకుండా పైన మెత్తుటయే నేను కాదనేది. పగులు వెంట వాన లోనికి దిగును. పైకి గోడ మెరయుచునే యుండును, కింద ప్లైవుడ్ నేల కుళ్ళును.

"పారవేసి కొత్తది కొనరాదా" అనేవారికి సగం ఒప్పుకొందును. పాత అల్యూమినియం కరిగించుటకు, ఖనిజం నుండి కొత్తది తీయుటకు పట్టే శక్తిలో ఇంచుమించు 5 శాతమే చాలును. పాతసామానువానికి ఇచ్చుట పాపం కాదు. కాని ఒక్క రివిటుతో పోయేదానికి గిన్నెనంతా కరిగించనేల?

రివిట్లు కొనేముందు, చిల్లు కింది నేలను మేకుతో గుచ్చి చూడమని శిష్యునికి వ్రాసినాను. జవాబింకా రాలేదు.