అమ్మాయి అడమెంటటండీ!

మా పక్కింటి పిన్నిగారు మొన్న మనవరాలి ప్రోగ్రెస్ కార్డు పట్టుకుని వచ్చారు. టీచరు అందులో రాసింది ఒక్కటే మాట: 'అడమెంట్'. "ఇదేమైనా జబ్బా అమ్మాయ్?" అని అడిగారు. నవ్వొచ్చింది గానీ పాత సంగతొకటి గుర్తొచ్చి ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

పాతికేళ్ల కిందట నన్ను చూసుకోవడానికి వచ్చినవాళ్లు పెళ్లయ్యాక ఉద్యోగం మానెయ్యాలన్నారు. మాననన్నాను. గొంతు పెంచలేదు, కన్నీళ్లు పెట్టుకోలేదు. మూడుసార్లు అడిగారు, మూడుసార్లూ అదే చెప్పానంతే. మధ్యవర్తి మా నాన్నతో "మీ అమ్మాయి బాగా అడమెంటండీ" అనేసి వెళ్లాడు. ఆ తర్వాత ఏ సంబంధం వచ్చినా ఆ మాట నాకంటే ముందే వెళ్లి కూచునేది. అదే ఏడాది మా అన్నయ్య ఎవరెంత చెప్పినా వినకుండా బ్యాంకు ఉద్యోగం వదిలేశాడు. వాడికేమో 'పట్టుదల'!

నిఘంటువు తీసి చూడండి, ఈ మాటలో తిట్టేమీ లేదు. గ్రీకులో 'అడమాస్' అంటే లొంగనిది. అన్నిటికన్నా గట్టిదైన లోహానికీ, రాయికీ ఆ పేరు పెట్టుకున్నారు. 'డైమండ్' పుట్టిందీ అందులోంచే. మన 'దమనం' దానికి చుట్టమేనట. ఆ లెక్కన 'అదమ్యం' అంటే సరిపోతుంది. ఇంగ్లీషులో ఎక్కువగా ఫలానా విషయంలో, ఫలానా నిర్ణయం మీద ఉండేదే అడమెంటు. మనవాళ్లు దాన్ని పిల్ల స్వభావం చేసేశారు. కారణం చెప్పినా చెవిన పెట్టనివాళ్లకి 'ఆబ్‌స్టినేట్' అని వేరే మాట ఉండనే ఉంది. 'స్టబర్న్' అయితే మన 'మొండి' లాగే మనుషులకీ, మరకలకీ కూడా వాడతారు.

బెర్ట్రండ్ రస్సెల్ 1948లో బీబీసీ రేడియోలో దీన్నే వేళాకోళం చేశాడు. ఒకే గుణం నాకుంటే దృఢత్వం, నీకుంటే మొండితనం, అక్కడ లేనివాడికుంటే మూర్ఖత్వం అన్నట్టుగా. ఆడపిల్లకుంటే ఏమంటారో ఆయన చెప్పలేదు. చెప్పక్కర్లేదు లెండి, మనకి తెలుసు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా వద్దని నిలబడ్డారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో సడలించేశారనుకోండి, అది వేరే కథ. గెలిచాక వాళ్లది పట్టుదలే అయింది. ఆ మాట వాళ్లకి దుకాణం ముందు నిలబడ్డ రోజునే దక్కాల్సింది.

ఇంతకీ పిన్నిగారి మనవరాలు దేనికి అడమెంటు? అడిగితే తెలిసింది. వెనక బెంచీలో కూచోనందిట. ఎన్నిసార్లు పంపినా మళ్లీ ముందుకే వచ్చేస్తోందిట.

"బోర్డు కనబడటం లేదేమో, కళ్లు చూపించారా పిన్నిగారూ?" అన్నాను. ఆవిడ తెల్లబోయారు.

శనివారం ముగ్గురం కళ్ల డాక్టరు దగ్గరికి వెళుతున్నాం.