ప్రకృతే అయితే కాపలా ఎందుకు?

ఆదివారం పేపర్లో పెళ్లి ప్రకటనలు చూడండి. మొదట కులం, దాని పక్కన శాఖ, ఆ తర్వాత 'తెల్లని, అందమైన వధువు కావలెను'. ఇదేందయ్యా అంటే చదువుకున్నోళ్లు కొత్త జవాబు నేర్చారు. 'కులం కాదండీ, సైన్సు. ఎవరికి ఎవరు నచ్చాలో పరిణామమే మెదడులో రాసిపెట్టింది' అంటున్నారు. నిన్నటిదాకా బ్రహ్మరాత అన్నోళ్లే ఇయ్యాల జన్యువుల రాత అంటున్నారు!

సరే, సైన్సే మాట్లాడుకుందాం. అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ బస్ 33 దేశాల్లో 10,047 మందిని అడిగి 1989లో అచ్చేశాడు. మగోళ్లు వయసు, అందం ఎక్కువ చూస్తారనీ, ఆడోళ్లు సంపాదన ఎక్కువ చూస్తారనీ తేలింది. ఈ ముక్క అందరూ చెబుతారు. అదే సర్వేలో పెళ్లికి ముందు శీలం మన దేశంలో, చైనాలో చాలా ముఖ్యమన్నారు. స్వీడన్‌లో దాదాపు లెక్కే లేదన్నారు. ఈ ముక్క దాస్తారు. మెదడు ఒకటే అయినప్పుడు కోరిక దేశానికో తీరుగా ఎట్లా మారింది? ఆడది సంపాదన చూస్తుందట! సెంటు భూమి తన పేరున లేనిది ఇంకేం చూస్తుంది?

ఇక రంగు. ఎండ మండే దేశాల్లో ఒంటిని కాచే గొడుగు నలుపు. నాట్లేసే మా తల్లులకు ప్రకృతి ఇచ్చింది అదే. దాన్ని వికారమన్నది ఎండలోకి దిగకుండా తిన్నవాడు. తెలుపు మోజు పుట్టుకతోనే వస్తే, 1975 నుంచి క్రీములమ్మడానికి అన్ని ప్రకటనలెందుకు? 2020లో ఆ కంపెనీ డబ్బా మీద 'ఫెయిర్' అన్న మాట ఎందుకు తీసేసింది?

ఇక కులం. హైదరాబాదు సీసీఎంబీ, హార్వర్డ్ శాస్త్రవేత్తలు కలిసి ఇప్పటి కులాల, తెగల జన్యువులు పరీక్షించి 2013లో చెప్పిందేమిటి? సుమారు 4,200 ఏళ్ల నుంచి 1,900 ఏళ్ల కిందటిదాకా ఈ దేశంలో జనం విరివిగా కలిశారు. తర్వాతే తలుపులు పడ్డాయి. అంతలోనే మెదడు మారిందా? మారింది కట్టుబాటు. కులంలోనే పెళ్లి అన్న కట్టుబాటే కులానికి ప్రాణమనీ, సతి, బలవంతపు వైధవ్యం, బాల్యవివాహం దాన్ని కాయడానికే పుట్టాయనీ బాబాసాహెబ్ 1916లోనే తేల్చి చెప్పాడు.

మేము అడిగేది ఒక్కటే. నీళ్లు పల్లానికి పారడానికి కాపలా అక్కర్లేదు. కులంలోనే నచ్చడం ప్రకృతి అయితే కత్తులెందుకు? 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో ఆసుపత్రి బయట, గర్భంతో ఉన్న భార్య కళ్లముందే దళిత యువకుణ్ణి నరికించారే! ఆ అమ్మాయికి అతను నచ్చాడు, అది ప్రకృతి. కిరాయి ఇచ్చింది కులం. 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఒక్క తీర్పుతో కులం చావదు.

పిల్లలారా, అద్దం ముందు తల దించకండి. సంఘం మిత్రులారా, కులం దాటి పెళ్లాడిన జంట మీ ఊరొచ్చి తలుపు తడితే తీయండి. ఇన్నాళ్లూ కాపలా వాళ్లు కాశారు. ఇక మనం కాద్దాం, ఆ జంటకు!