యంత్రం పక్కన నిలబడేవాడికి రీడింగు చూపించండి

నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రాక్ మెకానిక్స్ డైరెక్టర్ గారికి,

కేజీఎఫ్ (కోలార్ గోల్డ్ ఫీల్డ్స్)లోని కోరమండల్ నుంచి రాస్తున్నాను.

మీ సంస్థ 1988లో మా ఊళ్లోనే, చాంపియన్ రీఫ్స్‌లో మొదలైంది. ఇక్కడే ఎందుకో మీకు చెప్పనక్కర్లేదు. మా బంగారు గనుల లోతుల్లో రాయి ఒత్తిడి తట్టుకోలేక ఉన్నట్టుండి పగిలేది. గనివాళ్లు దాన్ని ఏర్‌బ్లాస్ట్ అనేవాళ్లు. పైన వంటింట్లో గిన్నెలు అదిరితే చాలు, ఆ షిఫ్టుకి తమవాళ్లెవరు దిగారోనని ఇళ్లల్లో గుండెలు జారేవి. మైసూరు భూగర్భ శాఖకు చెందిన స్మీత్ 1904లోనే వీటి మీద నివేదిక రాశారు. 1978లో భాభా అణు పరిశోధన కేంద్రం, భారత్ గోల్డ్ మైన్స్ కలిసి ఇక్కడ నేల అదురును పట్టే జియోఫోన్లు అమర్చి, ఏ అదురు ఎక్కడ పుట్టిందో లెక్కగట్టడం మొదలుపెట్టాయి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. నీళ్లు నిండుతున్న ఆ లోతుల్లో తర్వాత కూడా రాయి కదులుతూనే ఉంది.

అదురును కొలిస్తే మనిషి ప్రాణం దక్కుతుందని నమ్మిన నేల ఇది. ఆ నమ్మకంతోనే మీకు రాస్తున్నాను.

ఇప్పుడు మా కోలార్ జిల్లాలో రాయి నేల పైనే పగులుతోంది. టేకల్, మాలూరు, ముల్బాగల్ వైపు క్వారీలు, వాటిని ఆనుకుని క్రషర్లు. క్రషర్ దగ్గర ఫిట్టరు పని చేస్తుంటే చూశాను. స్క్రూడ్రైవర్ మొన బేరింగ్ హౌసింగ్ మీద ఆనించి, పిడిని చెవి ముందున్న ఎముకకు నొక్కిపెట్టి, కళ్లు మూసుకుని వింటాడు. గరగరమంటే గ్రీజు చాల్లేదంటాడు. సన్నగా కీచుమంటూ మధ్యమధ్య టకటకలాడితే, "ఇది నెల కూడా రాదు సార్, కొత్తది తెప్పించండి" అంటాడు. చాలాసార్లు అతని మాటే నిజమవుతుంది. ఆ విద్యకు చేతులెత్తి మొక్కాలి.

కాని అతని పనిముట్టు అతని చెవే. అదే చెవి రోజంతా జా క్రషర్ పక్కన ఉంటుంది. పెద్ద చప్పుడు మధ్య ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లకు ముందుగా పోయేది సన్నటి ధ్వనులు, అంటే సెకనుకు నాలుగు వేల కంపనాల చుట్టుపక్కలవి. బేరింగ్ రేసులో మొదటి చీలిక చేసే చప్పుడు చాలావరకు ఆ సన్నటి ధ్వనుల్లోనే ఉంటుంది. యంత్రం తన జబ్బును ముందుగా ఏ గొంతుతో చెబుతుందో, ఆ గొంతును వినే శక్తినే అతని నుంచి లాగేసుకుంటోంది. ఇంట్లో టీవీ సౌండు పెరుగుతుంది. పిల్లలు రెండుసార్లు పిలవాల్సి వస్తుంది. క్రషర్ దగ్గర బేరింగ్ ఎవరికీ తెలియకుండా పట్టేస్తుంది. ఈ మూడింటికీ మూలం ఒక్కటేనని అక్కడ ఎవరూ అనుకోరు.

చేత్తో తాకి తెలుసుకోవచ్చుగా అంటారు. కంకరను వేరుచేసే జల్లెడ ఊగడానికే పుట్టిన యంత్రం; క్రషరేమో రాయిని నలిపినప్పుడల్లా అదురుతుంది. అంత ఊపులో ఏది మామూలు, ఏది జబ్బు అన్నది చేతికి అందదు. అదురు కొలిచే మీటరు దాన్ని విడదీస్తుంది. నిమిషానికి 1,480 చుట్లు తిరిగే మోటారులో అదురు సెకనుకు పాతికసార్ల దగ్గర పెరిగితే మొదట అనుమానించాల్సింది బ్యాలెన్సు. దానికి రెట్టింపు దగ్గర పెరిగితే కప్లింగ్ అలైన్‌మెంట్ చూడాలి. ఆ గుణిజాలతో పొసగని పై స్థాయిలో కనిపిస్తే బేరింగ్. ఐటీఐ చదివిన కుర్రాడికి నేర్పితే వచ్చే విద్యే ఇది.

చప్పుడు లెక్కా కాగితం మీద ఉన్నదే. ఫ్యాక్టరీల నిబంధనల్లో 90 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు, 95 దగ్గర 4 గంటలు, 100 దగ్గర 2 గంటలే. చప్పుడు వల్ల వచ్చే చెవుడును చట్టం తెలియజేయాల్సిన జబ్బుల పట్టికలో చేర్చింది. కాని చప్పుడు కొలిచే మీటరే రాని చోట ఆ జబ్బు సంగతి ఎవరు ఎవరికి తెలియజేస్తారు?

క్వారీ పేలుళ్లదీ ఇదే తంతు. గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ 1997 సర్క్యులర్ ప్రకారం క్వారీ యజమానివి కాని ఇళ్ల దగ్గర నేల అదురు వేగం, ఫ్రీక్వెన్సీ 8 హెర్ట్జ్ లోపుంటే సెకనుకు 5 మిల్లీమీటర్లు దాటకూడదు. 8 నుంచి 25 మధ్య 10, ఆపైన 15. ఈ కొలతలు తీయడంలో మీవాళ్లకు ఎంతో అనుభవం ఉంది. కాని కొలత అడిగి, డబ్బు కట్టినవాళ్లకే రిపోర్టు వెళ్తుంది. గోడ బీటలు వారిన ఇంటావిడకు ఆ అంకె తెలియదు. ఆ బీట పేలుడు వల్లనో, పునాది సరిగా పడకనో చెప్పేవాళ్లూ ఉండరు. తప్పు క్వారీది కాకపోతే ఆ సంగతీ ఆమెకు తెలియాలి కదా.

నేను అడిగేది పెద్ద ప్రాజెక్టు కాదు. ఆరు నెలలకోసారి మీ ఇంజనీర్లు ఇద్దరు మీటర్లతో మా జిల్లా క్రషర్ల దగ్గరికి రావాలి. బేరింగుల అదురు, ఆపరేటరు నిలబడే చోట చప్పుడు కొలిచి, ఆ కాగితం యజమానికి ఇచ్చినప్పుడే ఆపరేటరు చేతిలోనూ పెట్టాలి. పేలుడు రీడింగులు పంచాయతీ బోర్డు మీద కన్నడంలో, తెలుగులో రాయించాలి. మా పల్లెల్లో ఆ రెండూ చదివేవాళ్లున్నారు. వచ్చిన ప్రతిసారీ కొందరు ఐటీఐ పిల్లల్ని వెంట తిప్పుకోండి. యజమానులు ఒప్పుకోరని ముందే అనుకోవద్దు. పట్టేసిన బేరింగుతో రెండు రోజులు క్రషర్ ఆగితే ఎంత పోతుందో వాళ్లకు బాగా తెలుసు.

టేకల్ వైపు నుంచి మొదలుపెట్టండి. ఏ క్రషర్ ఎప్పుడు ఆగుతుందో, ఏ ఊళ్లో ఎవరితో మాట్లాడాలో తెలిసిన ఫిట్టర్లు మాకున్నారు. తేదీ చెప్తే వాళ్లను వెంటబెట్టుకుని వస్తాను.

ఇట్లు,
కోరమండల్ వాసి