ఇంటికుక్కకు విద్యాబుద్ధులు

తెనాలి యనగానే మన యిండ్లలోని పిల్లలకు ముందుగా జ్ఞప్తికి వచ్చునది రామకృష్ణకవి పెంచిన పిల్లి. ఎలుకల బాధ తీర్చుకొనుటకై రాయలవారు నగరమున నింటికొక పిల్లిని, దానికి పాలు పోయుటకొక యావును ఇప్పించిరట. రామకృష్ణుడు మొదటి దినముననే పొగలు గ్రక్కుచున్న పాలను పిల్లి ముందు పెట్టెనట. మూతి కాలిన యా పిల్లి తరువాత పాలగిన్నె కనబడినంతనే పరుగిడెననియు, పాలన్నియు కవిగారి యింటివారికే దక్కెననియు కథ. ఇది చరిత్ర కాదు, జనుల నోట పెరిగిన వినోదకథ. దీనిని విని నవ్వనివారు లేరు. అయినను పిల్లి వైపునుండి యోచించినచో, జంతువుల చదువునకు సంబంధించిన సత్యమొకటి యిందు కానవచ్చును. ఒక్కసారి కలిగిన బాధ జీవితమంతయు భయమై నిలిచినది. పాలు మంచివే యైనను, బాధతో కలిసి వచ్చుటచేత ఆ పిల్లికి శత్రువులైనవి.

మన యిండ్లలో పెంపుడు కుక్కలకు మనము నేర్పుచున్నది తఱచుగా ఈ వేడిపాల చదువే. ఈ మాసము మేము ఆ విషయమును గూర్చి సోదరీమణులతో ముచ్చటింపదలచితిమి.

మూడు కాలువల ఊరగు తెనాలిలో నేడు కుక్కను పెంచు గృహములు పెక్కు. కొన్నియెడల విదేశపు జాతికుక్క, కొన్నియెడల వాకిట పుట్టి పెరిగిన ఊరకుక్క. కుక్కపిల్లను ముచ్చటపడి తెచ్చునది మగవారో, పిల్లలో అగుదురు. పది దినములు గడచిన పిమ్మట దానికి అన్నము పెట్టుట, నీరు పోయుట, అది పాడుచేసిన చోటు కడుగుట గృహిణి వంతునకే వచ్చును. అది గృహిణి వెంటనే తిరుగును, ఆమె గొంతునే ముందుగా గుర్తుపట్టును. కావున కుక్క మంచి నడవడి నేర్చుటయు, చెడిపోవుటయు చాలవఱకు ఆమె చేతిలోనే యున్నవి. ఇంటిలో పసిపిల్లలున్నచోట ఇది వట్టి ముచ్చట కాదు, వారి క్షేమమునకు సంబంధించిన సంగతి.

సాధారణముగా మనవారు అనుసరించు పద్ధతి యెట్టిదో చూడుడు. కుక్కపిల్ల నడవలో మూత్రము విడిచినచో దాని మూతిని ఆ తడిలో అదుముదురు. చెప్పు కొఱికినచో ఆ చెప్పుతోనే కొట్టుదురు. వచ్చినవారిని చూచి మొఱిగినచో గొలుసు బిగింతురు. ఇట్లు చేసిన మంచి చెడ్డలు తెలియునని వారి నమ్మకము. కాని కుక్కకు తెలియునది వేఱు.

రష్యాదేశపు శాస్త్రజ్ఞుడు ఇవాన్ పావ్లోవ్ జీర్ణక్రియను గూర్చి చేసిన పరిశోధనలకు 1904లో నోబెలు బహుమతిని పొందెను. ఆయన పరిశోధనలు సలుపుచుండగా కుక్కలు ఆహారము నోట పడకమునుపే, దానిని తెచ్చు మనుష్యుని అడుగుల చప్పుడునకే చొంగ కార్చుట కనబడెను. ఒకదాని వెంబడి వేఱొకటి వచ్చుచుండినచో, మొదటిది కనబడగానే రెండవదానికి కుక్క దేహము సిద్ధమగునని దీని తాత్పర్యము. అయితే రెంటికిని నడుమ కాలము మిక్కిలి తక్కువగా నుండవలెను. ఉదయము పదిగంటలకు నడవ తడిపిన కుక్కను పదునొకండు గంటలకు కొట్టినచో, అది తడిపిన తప్పును తలచుకొనదు. యజమానురాలు వచ్చినది, దెబ్బ పడినది అని మాత్రమే గ్రహించును. కవిగారి పిల్లికి పాలగిన్నె యెట్టిదో, ఈ కుక్కకు ఆమె చేయి అట్టిదగును.

“తప్పు చేసితినని దానికి తెలియును, మొగము చూడుడు, ఎట్లు తల వంచుకొన్నదో!” అని కొందఱు వాదింతురు. ఈ మాటను అమెరికాలో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అను విదుషీమణి 2009లో ప్రకటించిన పరిశోధనలో పరీక్షించి చూచెను. కుక్కను తినవద్దని చెప్పి యజమాని బయటికి పోవుట, కొన్నిసార్లు కుక్క తినుట, కొన్నిసార్లు తినకుండుట, తిరిగి వచ్చిన యజమానికి నిజము గాని, తప్పుడు వార్త గాని చెప్పుట – ఇది యామె యేర్పాటు. తేలినదేమనగా, తల వంచి తోక ముడుచు ఆ చూపునకు కుక్క చేసిన తప్పుతో సంబంధము లేదు. యజమాని కోపముతోనే సంబంధము. తినని కుక్క సైతము చీవాట్లు పడగానే తలవంచినది. మనము పశ్చాత్తాపమని తలచునది భయమే యన్నమాట.

“కుక్కకాటుకు చెప్పుదెబ్బ” అను సామెత మనకు కలదు. చెప్పుదెబ్బకు కాటు పుట్టునని కూడ చెప్పుకొనవలసియున్నది. పోర్చుగలు దేశమున 92 పెంపుడు కుక్కలను పరిశీలించి 2020లో ప్రకటించిన యొక పరిశోధనలో, గద్దింపులతోను, గొలుసు లాగుటతోను శిక్షణ పొందిన కుక్కలలో, బహుమానములతో నేర్చిన కుక్కలలోకంటె కలత యెక్కువగా కనబడెను. శిక్షణానంతరము వాని చొంగలో కలతను తెలుపు హార్మోను కూడ ఎక్కువగా నుండెను.

మఱి నేర్పుట యెట్లు? కుక్క చేయు తప్పును వెదకుట మాని, అది చేయు ఒప్పును కనిపెట్టి యుండుటయే రహస్యము. సుఖఫలము నిచ్చిన పనిని జంతువు మరల చేయునని అమెరికా పండితుడు థార్న్‌డైక్ 1898లోనే పిల్లులపై పరీక్షలు చేసి చూపెను. దీనిని మన వంటయింటి సామగ్రితోనే ఆచరింపవచ్చును. ఉడికించిన గ్రుడ్డు గాని, ఎముక తీసిన కోడిమాంసము గాని, శాకాహారుల యింట ఇడ్లీ గాని, చిక్కుడుగింజంత ముక్కలుగా చేసి చిన్న డబ్బాలో నుంచుకొనవలెను. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్టు కుక్కలకు హానికరములు. ఉడికిన కోడియెముకలు విఱిగి గొంతున గ్రుచ్చుకొనును. వీనిని పెట్టరాదు.

మొదట పేరు నేర్పుడు. మెల్లగా పేరు పిలిచి, అది మీవైపు చూచినంతనే ఒక ముక్క నిండు. దినమునకు పది సార్లు చాలును. ఆ పేరుతో ఎన్నడును తిట్టవలదు. పిలిచినపుడెల్ల మేలు జరిగినచో, గేటు తెఱచియున్న వేళ పిలిచినను పరుగెత్తి వచ్చును. పారిపోయి ఆలస్యముగా తిరిగి వచ్చినను కొట్టరాదు. కొట్టితిరా, వచ్చుటయే తప్పని నేర్చుకొనును.

మలమూత్రముల విషయమున, నిద్ర లేచిన వెంటనే, తిన్న పిమ్మట, ఆడిన పిమ్మట పెరటిలో నియమిత స్థలమునకు తీసికొనిపోవలెను. అచ్చట పని ముగించినంతనే, ఇంటిలోనికి రాకమునుపే, బహుమాన మీయవలెను. లోపల పాడుచేసినచో మాటాడక, వాసన పోవునట్లు కడిగివేయుడు. పసిబిడ్డ ప్రక్క తడిపినచో మనము కొట్టము గదా!

మీదికి దుముకు కుక్కను మోకాలితో నెట్టుట వలన ప్రయోజనము లేదు. నెట్టుటయు దానికి ఆటయే. మారుమాటాడక ప్రక్కకు తిరిగి నిలువుడు. నాలుగు కాళ్లు నేల నుంచినపుడు పలుకరించి ముక్క నిండు. ఇంటికి వచ్చు బంధువులకును ఈ నియమము చెప్పవలెను. ఒకరు ముద్దాడి, ఒకరు కొట్టినచో ఏ ప్రాణియు నేర్వజాలదు.

“ఇట్లు బుజ్జగించిన నెత్తినెక్కదా? ఇంటికి పెద్ద యెవరో దానికి తెలియవలదా?” అని పెద్దవారు అడుగుదురు. తోడేళ్లగుంపులో బలవంతుడు తక్కినవానిని అణచి యేలునను నమ్మకమునుండి ఈ మాట పుట్టినది. బంధించి యొకచోట చేర్చిన తోడేళ్లను చూచి అల్లిన భావమది. అడవి తోడేళ్లను చిరకాలము పరిశీలించిన డేవిడ్ మీచ్ అను శాస్త్రజ్ఞుడు, సహజమైన గుంపు తలిదండ్రులును బిడ్డలును గల కుటుంబమే యని 1999లో స్పష్టపఱచెను. కుటుంబమున పెద్దఱికము కఱ్ఱతో రాదని గృహిణులకు మేము వేఱుగ చెప్పవలెనా? హద్దులు తప్పక యుండవలెను. వంటయింటి గడప దాటరాదన్నచో ఏనాడును దాటనీయరాదు. అయితే గడప యీవల కూర్చుండినందుకు మెప్పు ఉండవలెను.

కుక్కకు కడుపు నిండినంత మాత్రమున మనసు నిండదు. దానికి తోడు కావలెను, నడక కావలెను, నేల వాసన చూచుచు తిరుగు స్వేచ్ఛ కావలెను, కొఱుకుటకేదైన కావలెను, చల్లని నిద్రాస్థలము కావలెను. మనము పత్రిక చదివినట్లు అది వీధివాసన చదువును. దినమంతయు గొలుసున నుండు కుక్క విసుగుచే మొఱుగును, త్రవ్వును, కొఱుకును. దానిని మనము పొగరందుము. నిత్యము కట్టివేసిన కుక్కకు తగిన వ్యాయామము కల్పింపకుండుట 1960 నాటి జంతు హింసా నిరోధక చట్టములో నేరముగా చెప్పబడినది. ఆ చట్టమునకు మూలమైన కృషి సల్పినది స్త్రీయే. శ్రీమతి రుక్మిణీదేవి ఆరండేల్ రాజ్యసభ సభ్యురాలుగా నుండి జంతుహింసా నివారణమునకై బిల్లును ప్రవేశపెట్టెను. 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ మండలికి తొలి యధ్యక్షురాలయ్యెను.

మన కృష్ణాతీరపు వేసవిలో మధ్యాహ్నవేళ నడిపింపరాదు. తారురోడ్డుపై మీ యఱచేయి ఐదు సెకండ్లు నిలువనిచో కుక్కపాదమును నిలువజాలదు. దీపావళినాడు టపాకాయల మ్రోతకు వణకు కుక్కను గద్దింపక, లోపలి గదిలో తలుపులు మూసి, ఏదైన పాట పెట్టి, తోడుండవలెను. భయపడినదానిని ఓదార్చినంత మాత్రమున భయము పెరుగదు.

ఇక మిక్కిలి ముఖ్యమైన మాట. “మొఱిగే కుక్క కఱవదు” అను సామెతను నమ్మి పిల్లలను విడువరాదు. కుక్క తన కలతను మెట్లు మెట్లుగా తెలుపును. ముందు తల త్రిప్పుకొనును, ఆకలి లేకున్నను పెదవులు నాకును, నిద్ర రాకున్నను ఆవులించును, కన్నుల తెలుపు కనబడునట్లు ఓరగా చూచును, కట్టెవలె బిగిసిపోవును. పిమ్మట గుర్రుమనును. అదియు వినబడనిచో కఱచును. తోక యాడించుట యెల్లప్పుడు సంతోషము కాదు. నిక్కించి బిగువుగా ఆడించుట హెచ్చరికయే. గుర్రుమనినందుకు కొట్టినచో భయము పోదు, హెచ్చరిక మాత్రము పోవును. చెప్పకయే కఱచు కుక్క యిట్లు తయారగును.

2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబరుపేటలో నాలుగేండ్ల పసివాడు వీధికుక్కల పాలబడి మరణించిన వార్త తల్లుల గుండెలను కలచివేసినది. ఇట్టి భయము నిరాధారమైనది కాదు. దయను బోధించువారు దానిని తేలికగా చూడరాదు. కాబట్టి పిల్లలకు ఈ నాలుగు మాటలు నేర్పుడు: తినుచున్న కుక్కను, నిద్రించు కుక్కను, పిల్లలతో నున్న తల్లికుక్కను ముట్టవలదు. కుక్కను మెడ పట్టి కౌగిలింపవలదు. ఎదురైన కుక్కను చూచి పరుగెత్తవలదు. చేతులు ముడుచుకొని చెట్టువలె నిలువవలెను. పెద్దవారు దగ్గఱ లేనిచో పసివానిని కుక్కను ఒక్కచోట విడువరాదు.

కఱచినచో, గోరు గీచినను సరే, పసుపు, కారము, సున్నము అద్దక, సబ్బుతో పారు నీటిలో 15 నిమిషములు కడిగి, ఆ దినమే ఆసుపత్రికి పోయి టీకాలు ఆరంభింపవలెను. రేబీసు లక్షణములు బయటపడిన పిమ్మట బ్రదుకుట దాదాపు అసంభవము. ముందుగా వేయించుకొన్న టీకా రక్షించును. పెంపుడు కుక్కకు సైతము వేళ తప్పక టీకా వేయింపవలెను.

నన్నయభట్టారకుని భారతమున ఆదిపర్వపు తొలి కథలలో సరమ యను దేవశునకపు కథ కలదు. ఆమె బిడ్డ జనమేజయుని యజ్ఞవాటికలో ఆడుకొనుచుండగా రాజు తమ్ములు కారణము లేక కొట్టిరి. తల్లి వచ్చి రాజును న్యాయమడిగి, ఇట్టి పని చేసినవారికి తలవని భయము వచ్చునని చెప్పిపోయెను. నోరులేని దానిలో మనము నాటిన భయము మన యింటి ముంగిట మరల మొలచుటను ఆ తల్లి ఆనాడే యెఱుగును కాబోలు.

సోదరీమణులు పది దినములు ఈ పద్ధతిని పరీక్షించి చూడగోరెదము. కఱ్ఱ నుంచిన మూల ముక్కల డబ్బా నుంచుడు. దినమునకు ఐదేసి నిమిషములు రెండుమార్లు చాలును. మొదటి రెండు మూడు దినములు మార్పు కనబడకున్నను విడువవలదు. ఇదివఱకు దెబ్బలు తిన్న కుక్కయైనచో చేయి చాపినంతనే వెనుకకు జరుగును; దానికి ముక్కను నేలపై వైచి, మీరు రెండడుగులు వెనుకకు పోవుడు. అది తనంతట ముందుకు వచ్చిన దినమున చదువు మొదలైనట్లు.